చవితి పందిరికి ముందే: పవర్ రాని యాంప్లిఫైయర్‌ని మల్టీమీటర్‌తో చూసేటప్పుడు

సొంతంగా కట్టుకున్న యాంప్లిఫైయర్లు అటక దిగేది ఎక్కువగా వినాయక చవితికే. ముసురు, తడి నేల, సాయంత్రానికల్లా పాటలు మోగాలన్న హడావుడి. ఆ టెన్షన్‌లో మూత విప్పితే చెయ్యో చిప్పో కాలుతుంది. నాలుగు రోజుల ముందే, ఇంట్లో పొడిచోట పెట్టుకోండి ఈ పని.

ప్లగ్ పీకి మొదలుపెట్టండి. ముందు కెపాసిటర్లు ఖాళీ కావాలి. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని ఒక్కో పెద్ద కెపాసిటర్‌కి క్లిప్పులతో అర నిమిషం తగిలించి, డీసీ రేంజిలో సున్నా చూశాకే ఓమ్స్ రేంజికి తిప్పండి. పవర్ స్విచ్ ఆన్‌లో ఉంచి ప్లగ్ లైన్, న్యూట్రల్ పిన్నుల మధ్య కొలిస్తే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పదుల ఓమ్‌లైనా చూపిస్తుంది. ఏమీ చూపకపోతే ఫ్యూజో, స్విచ్చో, ప్రైమరీయో (ట్రాన్స్‌ఫార్మర్‌లో మెయిన్స్ వైపు చుట్టు) తెగినట్టు. ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టే అలవాటు మానండి.

కరెంటు ఇచ్చే ముందు మీటరు వైపు ఒకసారి చూడండి. ఎర్ర వైరు 10ఏ సాకెట్‌లో ఉండగా ఓల్టేజి కొలిస్తే నేరుగా షార్టే. చాలా చౌక మీటర్లలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండదు.

మొదటిసారి సిరీస్ బల్బుతోనే, అంటే మెయిన్స్ లైన్ వైరు మధ్యలో వరసగా ఒక బల్బు కలిపి, ఆన్ చేయండి. 60 వాట్ల ఫిలమెంటు బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. భగ్గున వెలిగి మసకబారితే ఫర్వాలేదు. అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపేయండి. కెపాసిటర్ల మీదికి ముఖం వంచకండి. మైనస్ సప్లై వైపు కెపాసిటర్‌కి ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి. తిరగేసి వేస్తే పేలుతుంది.

బల్బు మసకబారాక నల్ల ప్రోబుని క్రొకడైల్ క్లిప్‌తో గ్రౌండ్‌కి బిగించి, ఒక్క చేత్తోనే కొలవండి. 230 ఓల్టుల వైపు జోలికి పోవద్దు. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో (మధ్య వైరు గ్రౌండ్, దానికి అటూ ఇటూ 12 ఓల్టుల ఏసీ) టీడీఏ2030 అనే యాంప్లిఫైయర్ చిప్పు ఉన్న బోర్డు అయితే ప్లస్ వైపూ మైనస్ వైపూ 16, 17 ఓల్టుల డీసీ కనిపించాలి. బల్బు ఉండగా కాస్త తగ్గుతుంది. ఆ చిప్పు తట్టుకునేది ±18 వరకే, అందుకే "సౌండ్ పెరుగుతుంది" అని 15-0-15 వేయకండి. మైనస్ ఓల్టేజి ఒక్కటే పడిపోతే చిప్పు వీపు రేకు చూడండి. ఆ రేకు మైనస్‌కే కలిసి ఉంటుంది. మధ్యలో కరెంటు పారకుండా పెట్టే మైకా ముక్క జారి, రేకు గ్రౌండ్‌కి కలిసిన హీట్ సింక్ బాడీకి తగిలితే ఇదే జరుగుతుంది.

స్పీకరు అన్నిటికన్నా చివర. అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య డీసీ పదుల మిల్లీఓల్టుల్లో ఉంటే తగిలించవచ్చు. అక్కడ పది పదిహేను ఓల్టులు నిలిచి ఉంటే కాయిల్ మాడిపోతుంది, ఆ తప్పేదో తేలేదాకా స్పీకరు వైర్లు పక్కనే ఉంచండి.