ఐర్లండ్‌లో దంత వైద్య ప్రయోజనం: పీఆర్‌ఎస్‌ఐ వారాల లెక్క, దరఖాస్తు విధానం

ఐర్లండ్‌లో పనిచేసే మనవాళ్లు కొందరు పన్ను నొప్పిని ఇండియా ప్రయాణం దాకా ఓర్చుకుంటారు. జీతంలోంచి కట్టే పీఆర్‌ఎస్‌ఐ (సామాజిక బీమా చందా)తో ఏడాదికోసారి ఉచిత దంత పరీక్ష హక్కుగా వస్తుందని తెలియకపోవడమే అందుకు కారణం. ఇది సామాజిక రక్షణ శాఖ నడిపే ట్రీట్‌మెంట్ బెనిఫిట్ పథకం. ఉద్యోగులు కట్టే 'A' తరగతి చందా, స్వయం ఉపాధివారి 'S' తరగతి చందా రెండూ దీనికి చెల్లుతాయి.

చిక్కంతా వారాల లెక్కలోనే. 21 ఏళ్లలోపు వారికి 39 వారాల చందా కట్టి ఉంటే చాలు. 21 నుంచి 28 ఏళ్ల వారికి ఆ 39తో పాటు, 'సంబంధిత సంవత్సరం'లో కూడా 39 వారాలు ఉండాలి. 29 నిండితే మొత్తం 260 వారాలు, అంటే నిండా ఐదేళ్ల చందా కావాలి; సంబంధిత సంవత్సరం షరతు వీరికీ ఉంది. ఆ సంవత్సరం అంటే నిరుడు కాదు, అంతకు ముందటిది. 2026లో అడిగితే 2024ను చూస్తారు.

2024 ఫిబ్రవరిలో, 26 ఏళ్ల వయసులో వచ్చి నర్సుగా చేరిన అమ్మాయిని ఊహించండి. 2025లో ఆమె అడిగితే 2023ను చూస్తారు; అప్పటికి ఆమె ఇక్కడ లేనే లేదు. 2026 జనవరిలో అర్హత వస్తుంది. జూన్‌లో 29 నిండితే మళ్లీ పోతుంది, 260 వారాలు పూర్తయ్యే 2029 దాకా రాదు. ఆమెకు దక్కేది ఆ అయిదారు నెలలే. మీ వయసు 27, 28 అయితే ఈ లెక్క ఈరోజే వేసుకోండి.

విద్యార్థులు గమనించవలసింది ఒకటుంది. వారానికి 38 నుంచి 352 యూరోల మధ్య సంపాదిస్తే జీతంలోంచి పీఆర్‌ఎస్‌ఐ కోయరు. పే స్లిప్‌లో సున్నా కనిపిస్తుంది. అయినా యజమాని తన వాటా కడతాడు కాబట్టి ఆ వారం మీ ఖాతాలో నిండుగా జమ అవుతుంది. ఇండియాలో కట్టిన పీఎఫ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు.

దరఖాస్తు సులువే. ఆ శాఖ వెబ్‌సైట్ మైవెల్ఫేర్‌లో, ధ్రువీకరించిన మైగవ్‌ఐడీ (ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా)తో లాగిన్ అయి అర్హత చూసుకోండి. చందాల వివరపత్రం కూడా అక్కడే అడగవచ్చు. తర్వాత పథకంలో చేరిన దంత వైద్యుణ్ణి ఎంచుకుని, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ పథకం కింద వస్తున్నానని చెప్పి పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవలకు వాడే మీ వ్యక్తిగత సంఖ్య), పుట్టిన తేదీ ఇవ్వండి. అర్హతను వాళ్లే సరిచూస్తారు, మీరు సంతకం చేస్తే చాలు. పరీక్ష డబ్బు ప్రభుత్వం నేరుగా వైద్యుడికి ఇస్తుంది. పళ్లు శుభ్రం చేయించుకుంటే 42 యూరోలు ప్రభుత్వం భరిస్తుంది; మీ నుంచి 15 యూరోలకు మించి తీసుకోకూడదు. మీ మీద ఆధారపడిన జీవిత భాగస్వామికి కూడా మీ చందాల మీద అర్హత రావచ్చు, అడగండి.

పంటిలో గుంత పూడ్చడం (ఫిల్లింగ్), రూట్ కెనాల్ ఇందులో లేవు. రూట్ కెనాల్ ఖర్చులో 20 శాతం ఆదాయపు పన్ను మినహాయింపుగా తిరిగి వస్తుంది; అందుకు వైద్యుడి చేత మెడ్ 2 పత్రం నింపించుకుని దాచుకోండి.