గోడ మూయకముందే చూసుకోవాల్సిన ప్లంబింగ్ లోపాలు

కొత్తింట్లో దిగాక బయటపడే నీళ్ల సమస్యలు చాలావరకు ప్లాస్టరింగ్‌కి ముందు పుట్టినవే. టైల్స్ పడ్డాక పగలగొట్టుకోవడం తప్ప దారుండదు. ఇల్లు ఇంకా ఇటుకల దశలోనే ఉంటే మీరు అదృష్టవంతులు.

పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోంది

ముందు షవర్ ఒక్కటే తిప్పి చూడండి. ధార బాగానే వచ్చి, పక్కన ఇంకో కొళాయి తిప్పగానే పడిపోతే పైపు సన్నదని అర్థం. ఒక్కటే తిప్పినా నీరసంగా ఉంటే, షవర్ జల్లెడలో చెత్త లేదని చూసుకున్నాక, లోపం ట్యాంకు ఎత్తులో ఉన్నట్టే.

10 మీటర్ల ఎత్తున నీళ్లుంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. ట్యాంకును నేరుగా స్లాబ్ మీద కూర్చోబెడితే దాని అడుగుకీ, కింద షవర్‌కీ మధ్య ఉండేది మీటరో, మీటరున్నరో. ట్యాంకు అడుగంటే వేళకి 0.1 బార్ చిల్లర మిగులుతుంది. దానికి వెడల్పాటి రెయిన్ షవర్ బిగిస్తే చినుకులు లెక్కపెట్టుకోవచ్చు. లావు పైపు వేస్తే సరిపోతుందని ప్లంబర్ అంటే ఒప్పుకోకండి. లావు పైపు దారిలో పోయే ప్రెషర్‌ని తగ్గిస్తుందే గానీ, లేని ప్రెషర్‌ని తెచ్చిపెట్టదు.

స్టాండ్ ఒక్కో మీటరు పెంచితే 0.1 బార్ కలుస్తుంది. అంత ఎత్తు కుదరకపోతే పై అంతస్తుకు విడిగా లైను దించి ప్రెషర్ పంపు పెట్టండి. పైపు సన్నదైతే మాత్రం ట్యాంకు నుంచి లావు పైపు దించి, ఒక్కో బాత్రూమ్‌కి వేర్వేరుగా లైను చీల్చండి.

కొళాయి దగ్గుతూ, గాలితో చిమ్ముతోంది

పైపు మధ్యలో ఎక్కడో పైకెక్కి దిగింది. ఆ వంపులో గాలి చిక్కుకుంది. వంపు తీసేయాలి. ట్యాంకు దాటగానే ఒక గాలి పైపు నిలబెట్టి, దాని మూతి ట్యాంకులో నీటిమట్టం కంటే ఎత్తున ఉంచాలి.

ఫ్లష్ చేస్తే నహానీ ట్రాప్‌లో గుడగుడ, ఆపైన వాసన

నహానీ ట్రాప్ అంటే బాత్రూమ్ నేల మీది నీళ్లు పోయే జాలీ కింద ఉండే గిన్నె. అందులో నిలిచే కాసిన్ని నీళ్లే మురుగు వాసనకి మూత. కమోడ్ నీళ్లు ఒక్కసారిగా జారేటప్పుడు వెనక గాలి అందకపోతే ఆ నీళ్లను కూడా లాక్కుపోతాయి. గుడగుడ అదే. అందుకే మురుగు పైపును కప్పు దాటించి, పైన తెరిచి ఉంచాలి. డబ్బు మిగులుతుందని చాలామంది వదిలేసేది ఈ ముక్కనే. గుడగుడ లేకుండా, వాడని బాత్రూమ్‌లో మాత్రమే వాసనొస్తే కంగారు వద్దు. ట్రాప్ ఎండిపోయి ఉంటుంది, ఒక బకెట్ నీళ్లు పోయండి.

వేడినీళ్ల కోసం చల్లనీళ్లు పారబోయాల్సి వస్తోంది

గీజర్ దూరంగా ఉంది. లోపలి వ్యాసం 20 మి.మీ. ఉన్న పైపు మీటరుకి 300 మి.లీ. పైగా పడుతుంది. 10 మీటర్లంటే 3 లీటర్లు. గీజర్‌ని వాడకానికి దగ్గరగా జరపండి. ఈ లైనుకి వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు వాడాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

గోడ మీద చెమ్మ

జాయింట్ కారుతోంది, లేదా మేకు దిగింది. ప్లాస్టరింగ్‌కి ముందు అన్ని మూతులూ బిగించి, లైను నింపి, ప్రెషర్ మీటరు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. మీటరు ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. మేకు సంగతికొస్తే, మా ఇంట్లో టవల్ రాడ్ కోసం డ్రిల్ పెట్టిన చోటే పైపు ఉంది. సాయంత్రమంతా బకెట్లు పట్టాం. గోడ మూసే ముందు టేపు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తో కనిపించేలా ప్రతి గోడకీ ఫోటో తీసుకోండి.