ముక్కు అలర్జీ ఎంత ఉంది, మందు ఎంత పడుతోంది: రోజూ లెక్క రాసుకోవడం ఎలా?

డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగితే మనలో చాలామంది ఆ పూట ఎలా ఉందో అదే చెప్తాం. ముందు రాత్రి ముక్కు దిబ్బడతో నిద్ర లేకపోతే "అస్సలు బాలేదు" అంటాం. పొద్దున్నే మాత్ర వేసుకుని వెళ్తే "పర్వాలేదు" అంటాం. రెండూ నిజమే. కానీ గడిచిన నెల ఎలా నడిచిందో ఆ మాటల్లో ఉండదు. దానికి రోజుకు రెండు నిమిషాల లెక్క చాలు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2014లో చికిత్సల పరిశోధనల కోసం సూచించిన, లక్షణాలనూ మందునూ కలిపి లెక్కించే ఉమ్మడి స్కోరును ఇంట్లో కూడా సులువుగా రాసుకోవచ్చు.

ముందు ఒక వేళ పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు అయితే మంచిది. గడిచిన 24 గంటలను తలచుకుని రాయాలి. ఒకరోజు పొద్దున, ఒకరోజు సాయంత్రం రాస్తే అంకెలను పోల్చలేం. చాలామందికి తుమ్ములు పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటాయి మరి.

ఆరు లక్షణాలకు మార్కులు వేయండి. ముక్కుకు సంబంధించినవి నాలుగు: తుమ్ములు, ముక్కు కారడం, దురద, దిబ్బడ. కళ్లకు సంబంధించినవి రెండు: దురద లేదా ఎర్రబడటం, నీళ్లు కారడం. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేయాలి. లేకపోతే 0. ఉంది కానీ పెద్దగా పట్టించుకోనంతే అయితే 1. ఇబ్బంది పెడుతోంది కానీ ఓర్చుకోగలిగితే 2. ఓర్చుకోలేక పనో నిద్రో చెడితే 3. ఒకటా రెండా అని తటపటాయించకండి, మొదట తోచింది వేసేయండి. మొత్తాన్ని 6తో భాగిస్తే ఆ రోజు లక్షణాల స్కోరు వస్తుంది. అది 3 దాటదు.

చిన్నపిల్లలు దురద అని చెప్పలేరు. అరచేత్తో ముక్కును పదే పదే పైకి తోసుకుంటున్నారేమో గమనించి పెద్దవాళ్లే రాయాలి.

మందుకూ మార్కు వేయండి. చాలామంది వదిలేసేది దీన్నే. నా దృష్టిలో ఇది లేని డైరీ సగం డైరీయే. ఏ మందూ వాడకపోతే 0. నిద్రమత్తు పెద్దగా ఇవ్వని యాంటీహిస్టమిన్ (తుమ్ములు, దురద తగ్గించే అలర్జీ మందు) అయితే 1, అది మాత్రైనా, కంట్లోనో ముక్కులోనో వేసేదైనా సరే. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేకి 2. నోటి ద్వారా తీసుకునే స్టెరాయిడ్‌కి 3. వీటిని కలపకూడదు, వాడిన వాటిలో పెద్ద అంకె ఒక్కటే వేయాలి. మాత్ర, స్ప్రే రెండూ వాడిన రోజుకు 2 మాత్రమే.

ఈ లెక్కలో చోటు లేని మందులు కొన్ని ఉన్నాయి. అలర్జీకి, ఆస్తమాకు ఇచ్చే మాంటెలుకాస్ట్ మాత్ర వాడితే పక్కన రాయండి. దిబ్బడను వెంటనే విప్పే ఆక్సీమెటజోలిన్ లాంటి చుక్కల మందునైతే తప్పకుండా రాయండి, ఎన్నో రోజు వాడుతున్నారో కూడా. దాన్ని వరుసగా కొన్ని రోజులకు మించి వాడితే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుపోతుంది. అప్పుడు అలర్జీ పెరిగిందనుకుని మళ్లీ అదే మందు వేసుకుంటాం.

లక్షణాల స్కోరు, మందు మార్కు రెండూ కలపండి. ఒక రోజు లక్షణాల మార్కులు 9 అనుకుందాం, భాగిస్తే 1.5. మందు లేదు కాబట్టి మొత్తం 1.5. ఇంకో రోజు మార్కులు 3, భాగిస్తే 0.5. కానీ స్ప్రే వాడారు కాబట్టి 2 కలిపితే 2.5. లక్షణాలు మాత్రమే చూస్తే రెండో రోజు హాయిగా గడిచింది. మొత్తం చూస్తే ఆ హాయి కోసం మందు ఎంత పనిచేస్తోందో తెలుస్తుంది. అందుకే లక్షణాల స్కోరు, మందు మార్కు, మొత్తం, ఈ మూడు అంకెలనూ పక్కపక్కనే రాయండి.

అయితే మొత్తాన్ని తగ్గించుకోవాలని మందు మానేయకండి. స్ప్రే పూర్తి ప్రభావం కనబడటానికి రోజూ వాడినా రెండు వారాల దాకా పట్టవచ్చు. మూడో రోజునే "పనిచేయట్లేదు" అని వదిలేసేవాళ్లకు ఈ డైరీ చాలా మేలు చేస్తుంది.

ఇంత రాయడం టెన్షన్ అనిపిస్తే 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఎడమ చివర "ఏ ఇబ్బందీ లేదు", కుడి చివర "భరించలేనంత". ఈ రోజు ఎక్కడున్నారో గుర్తు పెట్టి స్కేలుతో కొలవండి. 5 లేదా ఆపైన వస్తుంటే అలర్జీ అదుపులో లేదనే లెక్క. మందు పేరు మాత్రం పక్కన ఉండాల్సిందే.

పిల్లికూతలు, ఆయాసం, జ్వరం, ఒక ముక్కు నుంచే రక్తం లాంటివి కనిపిస్తే స్కోరుతో పని లేదు, వెంటనే డాక్టరును కలవండి.

కనీసం నాలుగు వారాలు రాశాక కాగితాన్ని డాక్టరుకు చూపించండి. లక్షణాలు వారంలో 4 రోజులకు మించి, వరుసగా 4 వారాలకు మించి ఉంటే దాన్ని విడవని రకంగా లెక్కిస్తారు, చికిత్స కూడా దాన్నిబట్టే మారుతుంది. చర్మం మీద అలర్జీ పరీక్ష చేయాలంటే యాంటీహిస్టమిన్‌ను కొన్ని రోజుల ముందే ఆపమంటారు. ఎన్ని రోజులో డాక్టరునే అడగండి. ఆ రోజుల్లో కూడా రాయడం ఆపొద్దు, మాత్ర లేకుండా మీ ముక్కు ఎలా ఉంటుందో కాగితం మీదికి వచ్చేది అప్పుడే.