నిలువెత్తు ఫొటోలో కాళ్లు పొట్టిగా పడుతుంటే

పెళ్లి ఫొటోల్లో నిలువెత్తు షాట్ తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వచ్చేవి. లోపం లెన్స్‌ది కాదు. మీటరున్నర దూరంలో నిలబడి, కంటి ఎత్తు నుంచి కెమెరాను కిందికి వంచడమే కారణం: తల దగ్గరైపోతుంది, పాదాలు దూరమవుతాయి.

50 ఎం.ఎం. లెన్స్ పెట్టి (ఇది ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు; సెన్సార్ చిన్నగా ఉండే ఏపీఎస్-సీ కెమెరాకు 35, ఫోన్‌లో 2ఎక్స్ జూమ్), మూడున్నర మీటర్లు వెనక్కి జరిగి, కెమెరాను ఎదుటి మనిషి నడుము ఎత్తుకు దించితే సరిపోయింది. ముఖ్యంగా కెమెరా వాలకూడదు. తెర మీద గీతలు చూపే గ్రిడ్ ఆన్ చేసి, నిలువు గీతకు వెనకున్న గుమ్మం అంచు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. మరీ నేలకు దించితే గడ్డం, ముక్కు రంధ్రాలే కనిపిస్తాయి. హీరో ఎంట్రీకైతే సరే, పెళ్లికూతురికి వద్దు.

సగం మనిషి కనిపించే మిడ్ షాట్‌కు కెమెరా ఛాతీ ఎత్తులో, క్లోజప్‌కు కంటి ఎత్తులో ఉండాలి. ఫ్రేమ్‌ను మోకాలి దగ్గర కాకుండా తొడ మధ్యలో కోయాలి.