మొదటి తుపాకీ ఎక్కడ కొనాలి: పెద్ద స్టోరా, ఊళ్లోని చిన్న దుకాణమా?

"అన్నయ్యా, వాల్‌మార్ట్‌లో ఉన్నాను. ఇక్కడ షాట్‌గన్ ధర బాగుంది. కొనేయనా?" అని మా పిన్ని కొడుకు నవంబరులో ఒక సాయంత్రం ఫోన్ చేశాడు. వాడు సిన్సినాటిలో ఉంటాడు, అమెరికా వచ్చి మూడేళ్లయింది, హెచ్‌1బి వీసా మీద ఉద్యోగం. ధర ఎంత అని కూడా అడగకుండా, "ముందు బయటికి వచ్చి కారులో కూర్చో, తరువాత మాట్లాడుకుందాం" అన్నాను. ఆ గంటసేపు వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఒహాయోలోనే, కొలంబస్ శివారులో ఉంటాను. గ్రీన్‌కార్డు వచ్చాక, ఆఫీసులో ఒక మిత్రుడి వల్ల క్లే షూటింగ్ అలవాటైంది. యంత్రం గాల్లోకి విసిరే మట్టి పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే ఆట అది. ఇప్పటికి మూడు తుపాకులు కొన్నాను, రెండు చిన్న దుకాణంలో, ఒకటి పెద్ద స్టోర్‌లో.

దుకాణం సంగతి తరువాత. ముందు మన కాగితాలు చూసుకోవాలి. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1, ఎల్‌1 వంటి వలసేతర వీసాల మీద వచ్చినవారు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సెలవు రోజున స్నేహితులతో షూటింగ్ రేంజికి వెళ్లి అద్దె తుపాకీ చేతపట్టడం కూడా ఇందులోకే వస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. రేంజిలో దిగిన ఫొటోలు అందరికీ పంపుతుంటారు, అవి చూసినప్పుడల్లా నా గుండె గుభేలుమంటుంది. మామూలు ఉద్యోగులకు, విద్యార్థులకు పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉంటే కొనవచ్చు, కానీ దాని గడువు దాటితే ఇంట్లో ఉన్న తుపాకీ కూడా నేరమే అవుతుంది. తుపాకీ కేసులో శిక్ష పడితే వీసా వాళ్లనే కాదు, గ్రీన్‌కార్డు వాళ్లను కూడా దేశం నుంచి పంపించవచ్చు. నలభై డాలర్లు తగ్గుతుందని తొందరపడే విషయం కాదిది.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫెడరల్ చట్టంలో ఈ అడ్డు లేదు. లైసెన్సున్న వ్యాపారి దగ్గర రైఫిల్, షాట్‌గన్ కొనడానికి 18 ఏళ్లు, పిస్టల్, రివాల్వర్ కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి. పిస్టల్ మీరు నివసించే రాష్ట్రంలోనే కొనాలి. దీనిపైన రాష్ట్రాల నియమాలు వేరే ఉంటాయి. కాలిఫోర్నియాలో డబ్బు కట్టినా పది రోజులు ఆగాలి. ఇల్లినాయ్‌లో ముందుగా రాష్ట్రం ఇచ్చే ఫాయిడ్ అనే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు తీసుకోవాలి. మా ఒహాయోలో అలాంటివి లేవు.

ఇక కొనేవారికి అర్హత ఉందో లేదో చూసే తనిఖీ. పెద్ద స్టోర్‌లో గట్టిగా ఉంటుందని, చిన్న దుకాణంలో చూసీచూడనట్టు వదిలేస్తారని కొందరు అనుకుంటారు. అది తప్పు. రెండు చోట్లా కొనేవారు నింపేది అదే ఫారం 4473, అమ్మేవారికి ఉండేది అదే ఫెడరల్ లైసెన్సు, జరిగేది నిక్స్ అనే అదే తనిఖీ. 1993 నాటి బ్రేడీ చట్టం కింద 1998 నవంబరు 30న మొదలైన ఈ వ్యవస్థను వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ నుంచి ఎఫ్‌బీఐ నడుపుతుంది. కొన్ని రాష్ట్రాలు ఆ పని తామే చేసుకుంటాయి. వచ్చే జవాబు మూడు రకాలు: ఇవ్వవచ్చు, ఆగండి, కుదరదు. ఎక్కువసార్లు నిమిషాల్లోనే తేలిపోతుంది.

ఫారం నింపడం దగ్గర మాత్రం ప్రాణం పెట్టి చదవండి. నా మొదటి ప్రయత్నం ఒక పెద్ద స్టోర్‌లోనే. కౌంటర్ చివర చిన్న తెర ముందు నిలబెట్టి నింపమన్నారు. వెనక ఇద్దరు ఎదురు చూస్తున్నారు. పౌరసత్వం ఏ దేశానిది అన్న ప్రశ్న వచ్చింది. చిరునామాలో దేశం పేరు నొక్కి నొక్కి అలవాటైన వేలు, తెలియకుండానే అమెరికా గడి మీద పడింది. చివర సంతకానికి ముందు ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పుతుంటే కంటబడింది. అరచేతులు చల్లబడ్డాయి. అమెరికా పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు తేలితే గ్రీన్‌కార్డుకే ముప్పు, జీవితాంతం వెంటాడే తప్పు అది. సరిచేసి 'భారత్' అని పెట్టాను. మన దగ్గర అడిగే ఏలియన్ నంబరు కూడా ఆ పక్కనే రాయాలి, కాబట్టి కార్డు వెంట ఉండాలి. ఎవరు తొందరపెట్టినా సంతకానికి ముందు మొదటి నుంచి మళ్లీ చదవండి.

పేర్ల చిక్కు మనకు ప్రత్యేకం. మధ్య పేరు లేకపోతే ఆ గడి ఖాళీగా వదలకూడదు, మధ్య పేరు లేదని తెలిపే ఎన్‌ఎంఎన్ అన్న మూడు అక్షరాలు రాయాలి. పొడి అక్షరం ఒక్కటే ఉంటే దాని పక్కన, అక్షరం మాత్రమేనని తెలిపే ఐఓ అని రాయాలి. ఇంటిపేరు ముందో వెనకో మన ఇష్టం కాదు, గుర్తింపు కార్డులో ఎలా ఉంటే అలాగే. పేరు పోలికల వల్ల ప్రతిసారీ 'ఆగండి' అని వచ్చేవారు ఎఫ్‌బీఐకి దరఖాస్తు చేసి యూపిన్ అనే నంబరు తీసుకోవచ్చు. ఆ నంబరు ఫారంలో రాస్తే తరువాతి కొనుగోళ్లు తేలికవుతాయి.

ఆ రోజు ఇంత జాగ్రత్తపడ్డా తుపాకీ చేతికి రాలేదు. అపార్ట్‌మెంట్ మారి రెండు నెలలైంది, డ్రైవింగ్ లైసెన్సు మీద పాత చిరునామానే ఉంది. కౌంటర్ దగ్గర కుర్రాడు చూసి, కుదరదని ఫారం పక్కన పెట్టేశాడు. ఏం చేస్తే కుదురుతుందో అతనికి తెలియదు, తెలుసుకుని చెప్పే ప్రయత్నమూ చేయలేదు. తరువాతి శనివారం మా ఊళ్లోని చిన్న దుకాణంలో ఇదే చెబితే, కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన తల కూడా ఎత్తకుండా, "కారు రిజిస్ట్రేషన్ మీద కొత్త చిరునామా ఉందా?" అని అడిగారు. ఉంది. ప్రభుత్వం ఇచ్చిన ఆ కాగితం లైసెన్సుకు జత చేస్తే చట్టానికి సరిపోతుంది. రెండు దుకాణాల మధ్య నేను చూసిన మొదటి తేడా ఇది.

రెండో తేడా అంతకంటే పెద్దది. పెద్ద స్టోర్‌లో నాకు చూపించింది నిండు సైజు 12 గేజ్ పంప్ షాట్‌గన్, 410 డాలర్లు. గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, పంప్ అంటే ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే రకం. పెద్దాయన మొదట ఏ తుపాకీ తీయలేదు. దేనికి, ఎక్కడ కాలుస్తావు, ఇంట్లో పిల్లలున్నారా అని అడిగారు. నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు. ఒక తుపాకీ తీసి, మొదట దాని గొట్టం వెనక భాగం తెరిచి, ఖాళీగా ఉందని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, నాకూ చూపించారు. దాని వెనక చివరను నా మోచేతి మడతలో ఆనించి చూపుడు వేలు ట్రిగ్గర్‌కు అందుతుందో లేదో చూశారు. అందలేదు. తరువాత చెప్పిన మాటకు ఆశ్చర్యపోయాను. "కారులో చలికోటు ఉందా? తెచ్చి వేసుకో" అన్నారు. అక్టోబరు నుంచి మార్చి దాకా కోటు మీదే కాలుస్తాను కదా. కోటు మందం కలిస్తే తుపాకీ ఇంకో అంగుళం పొడవైనట్టే. కోటు వేసుకుని భుజానికి ఎత్తేసరికి వెనక చివర చంకలో చిక్కుకుంది. స్టాక్, అంటే భుజానికి ఆనే వెనక భాగం, పొట్టిగా ఉన్న 20 గేజ్ ఇచ్చారు. ఎత్తగానే చెంప దానంతట అది చెక్క మీద వాలింది, కన్ను సూటిగా గొట్టం మీదికి వెళ్లింది. 455 డాలర్లు. పెద్ద స్టోర్‌కు కోటు వేసుకుని వెళ్లమని నాకు ఎవరు చెబుతారు?

గేజ్ లెక్క తలకిందులుగా ఉంటుంది. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే గేజ్. అంటే 12 కంటే 20 సన్నం. 20 గేజ్ తూటాలు సాధారణంగా పసుపు రంగులో చేస్తారు, దానికి కారణముంది. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో పడితే జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకొకటి పెట్టి కాలిస్తే గొట్టం చేతుల్లోనే పేలుతుంది. రెండు రకాలూ ఇంట్లో ఉంటే వాటిని ఒకే సంచిలో ఎప్పుడూ వేయకండి.

చిన్న దుకాణాలన్నీ ఇలాగే ఉంటాయని అనను. మా ఆవిడతో కలిసి ఇంకొక దుకాణానికి వెళ్లాం. రివాల్వర్ తనకు కావాలి. ప్రశ్న తను అడిగితే జవాబు నాకు చెప్పాడు అక్కడి మనిషి. చివరికి ఆడవాళ్లకు ఇదే బాగుంటుందని అతి చిన్న, అతి తేలిక రివాల్వర్ ఒకటి ముందు పెట్టాడు. ఒకే తూటాకు తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది, కొత్తవారు కాల్చడానికి అదే కష్టం. లేచి వచ్చేశాం. అమ్మే మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడు, మనకు సరిపడనిది వద్దని చెప్పడం వచ్చా, ఈ రెండూ చూడండి. రేంజి కూడా ఉన్న దుకాణమైతే అద్దెకు తీసుకుని కాల్చి చూశాకే కొనండి. పెద్ద స్టోర్‌లో చాలాసార్లు ట్రిగ్గర్‌కు తాళం వేసి ఉన్న తుపాకీ చేతికిస్తారు, అది ఎలా లాగబడుతుందో తెలియనే తెలియదు.

పెద్ద స్టోర్లలో కూడా ఒకటి మరొకదానిలా ఉండదు. వాల్‌మార్ట్ అలాస్కాలో తప్ప 1993లోనే పిస్టళ్లు మానేసింది, 2015లో సైనిక తుపాకులను పోలిన ఏఆర్ తరహా రైఫిళ్లు మానేసింది, 2018లో కొనేవారి కనీస వయసు 21కి పెంచింది. 2019లో ఎల్ పాసోలోని తన స్టోర్‌లోనే కాల్పులు జరిగాక పిస్టల్ తూటాలు, అలాస్కాలో మిగిలిన పిస్టళ్లు కూడా ఆపేసింది. కాబట్టి అక్కడ దొరికేది వేట తుపాకులూ వాటి తూటాలే. వేట, చేపల సామాను అమ్మే పెద్ద స్టోర్లు బాస్ ప్రో, కబేలాస్ 2017 నుంచి ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి, అక్కడ పిస్టళ్లూ పాత తుపాకులూ ఉంటాయి. నిక్స్ నుంచి 'ఆగండి' అని వచ్చి మూడు పనిదినాల్లో ఏ జవాబూ రాకపోతే తుపాకీ ఇవ్వడానికి ఫెడరల్ చట్టం వ్యాపారికి అనుమతిస్తుంది. కొనేవారికి 21 ఏళ్లు నిండకపోతే 2022 చట్టం ప్రకారం ఈ ఆగడం పది పనిదినాల దాకా సాగవచ్చు. వాల్‌మార్ట్ మాత్రం స్పష్టంగా 'ఇవ్వవచ్చు' అని వచ్చేదాకా ఇవ్వదు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

పెద్ద స్టోర్ దేనికి మంచిదంటే, ఏం కావాలో మీకు ఖచ్చితంగా తెలిసినప్పుడు. నా మూడో తుపాకీ అక్కడే కొన్నాను, మోడల్ నంబరుతో సహా తెలుసు. క్లే తూటాల పెట్టెలు, చెవి రక్షణ, కళ్లద్దాలు, ఉక్కు బీరువా అక్కడే చవక. వేట విషయంలో మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. జింక వేటకని అడిగితే ఒక స్టోర్‌లో నాకు .308 రైఫిల్ చూపించారు. ఒహాయోలో జింకల మీద అది చెల్లదు. దాని తూటా మెడ దగ్గర సీసాలా సన్నబడుతుంది. షాట్‌గన్ గానీ, అలా సన్నబడకుండా తిన్నగా ఉండే తూటాల రైఫిల్ గానీ అయితే చెల్లుతుంది. ఊళ్లో వేటాడే మనిషి ఆ పొరపాటు చేయడు.

ఒక పని మాత్రం చేయకండి. చిన్న దుకాణంలో గంటసేపు కొలతలు తీయించుకుని, సలహా అంతా తీసుకుని, నలభై అయిదు డాలర్ల కోసం పెద్ద స్టోర్‌కు వెళ్లి కొనకండి. ఆ నలభై అయిదు డాలర్లు నేను పెద్దాయన సమయానికి ఇచ్చాను. తరువాత సీజన్‌లో కాల్చిన తూటా డొల్ల బయటికి రాక ఇరుక్కున్నప్పుడు తీసుకెళ్తే పది నిమిషాల్లో బాగుచేసి డబ్బు తీసుకోలేదు. ఆన్‌లైన్‌లో కొన్న తుపాకీ కూడా ఇలాంటి లైసెన్సున్న దుకాణం చేతుల మీదుగానే రావాలి, అదే ఫారం, అదే తనిఖీ, పైగా బదిలీ రుసుము. రుసుము ముందే అడగండి.

"మా ఫ్రెండ్ కోసం కొంటున్నా, డబ్బు వాడే ఇచ్చాడు" అన్న మాట నోటి నుంచి వచ్చిందంటే ఎక్కడైనా అమ్మకం అక్కడితో ఆగిపోతుంది. వేరొకరి డబ్బుతో వేరొకరి కోసం కొనడం తీవ్రమైన నేరం. మీ సొంత డబ్బుతో, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవారికి బహుమతి ఇవ్వడం వేరు. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ ఫారం ఒప్పుకోదు, ఆ హెచ్చరిక ప్రశ్న పక్కనే రాసి ఉంటుంది.

తుపాకీ ఇంటికి రాకముందే బీరువా రావాలి. మాకు ఆరేళ్ల పాప ఉంది. బీరువా గోడకు బిగించాకే 20 గేజ్ తెచ్చుకున్నాను. తెరిచి ఉన్న గొట్టం గుండా తీగ తాళం దూర్చి వేస్తే తూటా లోపలికి పోలేదు. తుపాకీ ఒక బీరువాలో, తూటాలు వేరే తాళం కింద, తాళంచెవులు పాపకు తెలియని చోట. ఇంట్లో ఎవరైనా మనసు కుంగి ఉన్నారని అనిపిస్తే తుపాకీ కొన్నాళ్లు బయట ఉంచండి. కొన్ని చిన్న దుకాణాలు అలా దాచిపెడతాయి, సిగ్గుపడకుండా అడగండి.

మా తమ్ముడు ఆ రోజు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లాడు. చలికాలంలో వేట భద్రత శిక్షణ పూర్తి చేసి, వేట లైసెన్సు తీసుకున్నాడు. ఈ శనివారం పెద్దాయన దుకాణానికి తీసుకెళ్తున్నాను. వేట లైసెన్సు, పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94 పత్రం, డ్రైవింగ్ లైసెన్సు సిద్ధంగా పెట్టుకోమన్నాను. ఎండ బాగా కాస్తోంది, అయినా చలికోటు తెచ్చుకోమన్నాను.