పొద్దుగాల సెల్ఫ్ కొట్టగానే గరగర: టైమింగ్ చైన్ సమస్య - పరిష్కారం

ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్; ఈ రెంటినీ లెక్క తప్పకుండా కలిపి తిప్పేదే టైమింగ్ చైన్, కొన్ని బండ్లలో దాని బదులు బెల్ట్ ఉంటది. "బెల్టయితే మార్చాలె, చైనయితే బండి ఉన్నన్నాళ్లు ఉంటది" అనే మాట వరంగల్‌లో ఎవరినడిగినా వినిపిస్తది. నేనూ నమ్మిన. లక్షన్నర కిలోమీటర్లు దాటినంక నా డీజిల్ బండి ఆ నమ్మకం పోగొట్టింది.

సమస్య: రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లు గరగర, తర్వాత ఏమీ లేదు.

కారణం: చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ చాలా ఇంజిన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తది. ప్రెషర్ ఎక్కేదాకా వదులు చైన్, దాన్ని దారిలో ఉంచే పట్టీలకు (గైడ్లకు) కొట్టుకుంటది. ఆయిల్ తగ్గినా, మడ్డిలెక్క మారినా, ఫిల్టర్ నాసిదైనా ఇదే చప్పుడు. నా తప్పు ఆయిల్ మార్చడానికి కిలోమీటర్లు మాత్రమే లెక్కపెట్టడం. మేడారం జాతర ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని గంటలు గంటలు నిలబడితే మీటర్ తిరగదు, ఇంజిన్ తిరుగుతనే ఉంటది.

పరిష్కారం: ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూడండి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ ఆయిల్, మంచి ఫిల్టర్ వేయించండి. ఇట్లాంటి వాడకానికి నేనిప్పుడు 7,500 కిలోమీటర్లకే ఆయిల్ మారుస్తున్న. అయినా గరగర పోకపోతే, ఓ పొద్దున బయటి ఫ్యాన్ బెల్ట్ తీసి కొన్ని సెకన్లు స్టార్ట్ చేయించండి. చప్పుడు ఆగిందా, తప్పు పుల్లీలది. ఆగలేదా, చైన్ మీది కవర్ విప్పాల్సిందే.

సమస్య: చెక్ ఇంజిన్ లైట్, పికప్ లేకపోవడం, స్కానర్‌లో పీ0016 అనే తప్పు కోడ్.

కారణం: క్రాంక్‌కు, క్యామ్‌కు లెక్క తప్పింది. సెన్సరో వైరింగో కూడా కావచ్చు, ముందు అవే చూపించండి. చైన్ సాగిందంటాం గానీ ఇనుము సాగదు, పిన్నులు అరిగి లింకు లింకుకూ సందు పెరుగుతది. నా పాత చైన్‌ను కొత్తదాని పక్కన మేకుకు తగిలిస్తే గోరంత కిందికి దిగింది. గోరంతే!

పరిష్కారం: చైన్ ఒక్కటే మార్చి పైసలు మిగిలినయనుకోవద్దు. టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు కలిపి కిట్ వేయించండి. గైడ్ ముక్కలు విరిగితే సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) విప్పి, ఆయిల్ లాగే చోట ఉన్న జాలీ కడిగించాలె. బిగించినంక సెల్ఫ్ కొట్టకముందే క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి టైమింగ్ మార్కులు కుదిరినయా చూడమనండి.

గరగర ఆగకుండా వస్తుంటే మాత్రం ములుగు దాకా పోనిద్దామనుకోవద్దు, అక్కడే ఆపి టోయింగ్ పిలవండి. చైన్ పళ్లచక్రం మీద ఒక్క పన్ను జారినా చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగులుతయి, ఇగ ఇంజిన్ పైభాగం (హెడ్) దించుడే.

పని అయినంక సాయంత్రం వేడి బండి తీసుకోకండి. రాత్రి షెడ్డులోనే ఉంచి, పొద్దుగాల మీరే పోయి సెల్ఫ్ కొట్టి, చప్పుడు విన్నంకనే పైసలియ్యండి.