కరెంటు వెనుక లెక్కలు – 4వ పాఠం: వడ్డీ నుంచి యూనిట్ ధర దాకా

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. 1 మెగావాట్ సోలార్ ప్లాంటు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుందని అడిగాను. ఏడాదికి 8,760 గంటలు. రాత్రిళ్లు, మబ్బులు, దుమ్ము అన్నీ పోగా, రాయలసీమ లాంటి మంచి ఎండ ఉన్నచోట, ప్యానెళ్లు సూర్యుడి వెంట తిరిగే ఏర్పాటు కూడా ఉంటే, ఆ గంటల్లో 25 శాతం పూర్తి సామర్థ్యంతో నడిచినట్టు పట్టుకోవచ్చు. 1 మెగావాట్ అంటే 1,000 కిలోవాట్లు, ఒక కిలోవాట్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 8,760 × 0.25 × 1,000 అంటే 21.9 లక్షల యూనిట్లు. మీకు 87.6 లక్షలు వచ్చి ఉంటే రాత్రి కూడా ఎండ కాసినట్టు లెక్కేశారన్నమాట. ఇప్పుడే దిద్దుకోండి. ఈ పాఠమంతా ఆ 21.9 లక్షల మీదే నడుస్తుంది.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే పని. వడ్డీ రేటు చెబితే యూనిట్ ధర ఎంత పడుతుందో మీరే లెక్కకట్టగలగాలి. ఇది చేతికొస్తే పేపర్లో వచ్చే టెండరు వార్త గానీ వాతావరణ సదస్సు వార్త గానీ మరోలా కనిపిస్తుంది.

ఒక రైతును తీసుకుందాం. డీజిల్ ఇంజను పెట్టుకుంటే కొనేటప్పుడు పెద్దగా ఖర్చుండదు, డబ్బంతా డీజిల్‌కే పోతుంది, అదీ తడి ఇచ్చిన ప్రతిసారీ. సోలార్ పంపు పెట్టుకుంటే ఎండకు డబ్బు కట్టనక్కర్లేదు, కానీ మొత్తం ఖర్చు మొదటి రోజే పెట్టాలి, అంటే అప్పు చేయాలి. వడ్డీ 2 శాతం పెరిగితే డీజిల్ రైతుకు పెద్ద తేడా తెలియదు. సోలార్ రైతు లెక్క మాత్రం తలకిందులవుతుంది. బొగ్గు ప్లాంటుకు, సోలార్ ప్లాంటుకు ఉన్న తేడా కూడా ఇదే. బొగ్గు కరెంటు ధరలో పెద్ద వాటా ఇంధనానిది. సోలార్, గాలి కరెంటు ధరలో పెద్ద వాటా పెట్టుబడిది, దాని మీద వడ్డీది.

ఇప్పుడు షీట్ తెరవండి. ఫోన్లో ఉన్న గూగుల్ షీట్స్ చాలు. పీఎంటీ అనే ఫార్ములాకు మూడు అంకెలు ఇవ్వాలి: వడ్డీ రేటు, ఎన్నేళ్లు, అసలు ఎంత. ఏటా కట్టాల్సిన వాయిదా వచ్చేస్తుంది. జవాబు ముందు మైనస్ గుర్తు కనిపిస్తే కంగారు పడకండి, మన జేబులోంచి పోయే డబ్బు కాబట్టి అది అలా చూపిస్తుంది. 100 రూపాయల అసలును 20 ఏళ్లలో తీర్చాలంటే ఏటా కట్టాల్సింది ఇంత:

6 శాతం వడ్డీకి 8.72 రూపాయలు
8 శాతానికి 10.19
10 శాతానికి 11.75
12 శాతానికి 13.39
14 శాతానికి 15.10

మన 1 మెగావాట్ ప్లాంటుకు 4 కోట్ల రూపాయలు ఖర్చయిందనుకుందాం. ప్యానెళ్లు కడగడానికి, కాపలాకు, రిపేర్లకు ఏటా 5 లక్షలు. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు. మీకు తెలిసిన అంకెలుంటే అవే పెట్టుకోండి, పద్ధతి మారదు.

10 శాతం దగ్గర చేద్దాం. 400 లక్షల మీద 11.75 శాతం అంటే 47 లక్షలు. దానికి 5 లక్షలు కలిపితే 52 లక్షలు. 21.9 లక్షల యూనిట్లతో భాగిస్తే యూనిట్ 2.37 రూపాయలు. ఇదే లెక్క 6 శాతానికి చేస్తే 1.82, 14 శాతానికి చేస్తే 2.99. ఆ ఎండ, ఆ ప్యానెల్, ఆ నేల ఏవీ మారలేదు. మారింది వడ్డీ ఒక్కటే. ఒక్కో 2 శాతానికి యూనిట్ మీద సుమారు 30 పైసలు కదులుతుంది. ఈ 30 పైసల గుర్తు మనసులో పెట్టుకోండి.

అసలు ప్లాంటులో డబ్బంతా బ్యాంకు అప్పే ఉండదు. మామూలుగా 70 శాతం అప్పు, 30 శాతం యజమాని సొంత డబ్బు. అప్పు 9 శాతానికి దొరికి, యజమాని తన డబ్బు మీద 14 శాతం రాబడి కోరితే, 0.7 × 9 కు 0.3 × 14 కలపండి. 10.5 శాతం. పీఎంటీలో 10.5 పెడితే ఏటా 48.6 లక్షలు, ఖర్చులతో కలిపి 53.6 లక్షలు, యూనిట్‌కు 2.45 రూపాయలు. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ వేలంలో (తక్కువ ధరకు కరెంటు ఇస్తామన్నవాళ్లకే ప్రాజెక్టు దక్కే పోటీలో) పలికిన 2.44ను దీని పక్కన పెట్టి చూడండి. అప్పటికి ప్లాంటు ఖర్చులు వేరు కాబట్టి రెండూ దగ్గరగా రావడం కొంత కాకతాళీయమే. కానీ ఆ ధర ఆకాశం నుంచి ఊడిపడింది కాదని తెలుస్తుంది కదా.

ఇక్కడి నుంచే అసలు విషయం. వడ్డీ రేటును ఎవరు నిర్ణయిస్తారు? రిజర్వ్ బ్యాంకు అంటారు చాలామంది. సగమే నిజం. కరెంటు కొనేవాడు సరిగ్గా డబ్బు కడతాడా అన్న అనుమానం మిగతా సగం. మన దగ్గర కొనేది డిస్కం, అంటే ఇళ్లకు కరెంటు పంచే పంపిణీ సంస్థ. డిస్కం బిల్లును ఏడాది ఆలస్యంగా కడుతోందనుకోండి. 53.6 లక్షల రాబడి ఎప్పుడూ బయటే ఇరుక్కుని ఉంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి 11 శాతానికి అప్పు తెస్తే ఏటా 5.9 లక్షల వడ్డీ. యూనిట్ మీద 27 పైసలు! ఒక్క వాట్ కూడా అదనంగా రాకుండా, ఎవరికీ ఏ మేలూ జరగకుండా పోయే 27 పైసలు. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇదేదో ఊహ కాదు. 2022 జూన్ నాటికి దేశంలో డిస్కంలు ఉత్పత్తిదారులకు కట్టాల్సిన బకాయి సుమారు 1.4 లక్షల కోట్లు. ఆ నెలలోనే కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పాత బాకీని 48 దాకా నెలవారీ వాయిదాల్లో తీర్చుకోవచ్చు, కొత్త బిల్లు గడువు దాటితే మాత్రం పవర్ ఎక్స్ఛేంజిలో, అంటే కరెంటు కొని అమ్మే మార్కెట్లో, కరెంటు కొననివ్వరు. ఆగస్టులో 13 రాష్ట్రాల డిస్కంలను అలా ఆపినప్పుడు ఆ జాబితాలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ తర్వాత పాత బాకీలు బాగా తగ్గాయి. పెద్ద రాయితీ ఏమీ ఇవ్వకుండా, ఒక్క నిబంధనతో జరిగిన పని ఇది.

ఇంకో అనుమానం, రాసుకున్న ఒప్పందం నిలబడుతుందా అని. ఇందుకు ఆంధ్రప్రదేశ్ కథ కన్నా మంచి పాఠం లేదు. 2019 జులై 1న రాష్ట్ర ప్రభుత్వం జీవో 63 ఇచ్చి, పాత సోలార్, విండ్ పీపీఏల (కరెంటు కొనుగోలు ఒప్పందాల) ధరలు తగ్గించుకోవడానికి ఒక కమిటీ వేసింది. ప్రభుత్వం వైపు వాదన కొట్టిపారేసేది కాదు. కొత్త వేలాల్లో రెండున్నర రూపాయలకు దొరుకుతున్న కరెంటుకు పాత ధర కట్టడం డిస్కంకు మోయలేని బరువే. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఆ సెప్టెంబరులో కోర్టు జీవోను కొట్టేసింది కానీ, ధర సంగతి తేలేదాకా సోలార్‌కు 2.44, విండ్‌కు 2.43 చొప్పున కట్టమంది. 2022 మార్చి 15న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ మధ్యంతర ధరలను కూడా పక్కన పెట్టి, ఒప్పందంలో ఉన్న ధరకే బకాయిలు ఆరు వారాల్లో చెల్లించమంది.

దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఏపీ ప్రాజెక్టు అని ఫైలు వస్తే బ్యాంకు అధికారి ఏమనుకుంటాడు? ఒక శాతమో, అరశాతమో ఎక్కువ వేసుకుంటాడు, లేదా ఫైలు పక్కన పెడతాడు. ఒక శాతం అంటే మన గుర్తు ప్రకారం 15 పైసలు. పాత ఒప్పందంలో మిగుల్చుకోవాలనుకున్నది కొత్త ఒప్పందాల్లో పోగొట్టుకున్నట్టు. ధర ఎక్కువైందనిపిస్తే కూర్చుని మాట్లాడుకోవచ్చు, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే మార్చాలి. ఒకవైపు నుంచే మార్చేస్తే ఆ ఖర్చు చివరికి మన బిల్లులోకే వస్తుందని నా గట్టి నమ్మకం. మధ్యప్రదేశ్‌లోని రీవా దీనికి ఎదురు ఉదాహరణ. 2017 ఫిబ్రవరి వేలంలో, డిస్కం కట్టకపోతే రాష్ట్ర ప్రభుత్వం కడుతుందన్న గ్యారంటీ ముందే రాసిచ్చారు. మొదటి ఏడాది ధర 2.97 పలికింది. అప్పటికి అది దేశంలో కొత్త రికార్డు.

ఇప్పుడు ప్రపంచానికి వద్దాం. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం వర్ధమాన దేశాల్లో ఇలాంటి ప్రాజెక్టులకు పెట్టుబడి తెచ్చుకునే ఖర్చు (వడ్డీ, రాబడి కలిపి) సంపన్న దేశాల కన్నా రెట్టింపు పైమాటే. ఆఫ్రికాలో ఎండకు కొదవ లేదు, ప్రపంచ జనాభాలో ఐదో వంతు అక్కడే ఉంది, క్లీన్ ఎనర్జీ పెట్టుబడిలో మాత్రం ఆ ఖండానికి వచ్చేది 2 శాతం దగ్గర. మన పట్టికలో 6 శాతం వరుసను, 14 శాతం వరుసను మళ్లీ చూడండి. ఆ అన్యాయం అంకెల్లోనే కనిపిస్తుంది.

మరి బయట 5 శాతానికి డాలర్ అప్పు దొరుకుతుంటే తీసుకోవచ్చు కదా? 2010లో డాలరు సుమారు 45 రూపాయలు, 2024 చివరికి 85. ఏటా సగటున 4 శాతం పైగా రూపాయి జారింది. కరెంటు బిల్లు రూపాయల్లో వస్తుంది, వాయిదా డాలర్లలో కట్టాలి. 5కు 4 కలపండి, 9 శాతం. మన బ్యాంకు అప్పు దగ్గరికే వచ్చేశాం.

అందుకే పెద్ద అంకెల వార్త చదివేటప్పుడు ముందు అడగాల్సింది, ఇది గ్రాంటా (తిరిగి కట్టనక్కర్లేని డబ్బా), అప్పా, గ్యారంటీయా అని. 2024 నవంబరులో అజర్‌బైజాన్ రాజధాని బాకులో జరిగిన వాతావరణ సదస్సులో పేద, వర్ధమాన దేశాల కోసం 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ఒప్పుకున్నారు. అందులో అప్పులూ, ప్రైవేటు పెట్టుబడులూ లెక్కలోకే వస్తాయి. 2021లో దక్షిణాఫ్రికా బొగ్గు నుంచి బయటపడటానికి 850 కోట్ల డాలర్లు ప్రకటించారు. గ్రాంటు వాటా 4 శాతం దగ్గరే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం అప్పు. ఆ దేశానికి అప్పటికే అప్పుల భారం ఉంది. 2025 మార్చిలో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది కూడా.

ఈ వారం ఇంటి లెక్క. 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ సోలార్‌కు 2 లక్షల ఖర్చు అనుకోండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోగా మిగిలింది అప్పు. ఏడాదికి 4,300 యూనిట్లు, 20 ఏళ్లు, నిర్వహణ ఖర్చు ప్రస్తుతానికి వదిలేయండి. ఒకసారి 6 శాతానికి, ఒకసారి 12 శాతానికి యూనిట్ ధర కట్టండి. తర్వాత పోయిన నెల కరెంటు బిల్లు తీసి, మీ ఆఖరి శ్లాబులో యూనిట్‌కు ఎంత పడుతోందో ఆ రెండు అంకెల పక్కన రాసి ఉంచండి. 5వ పాఠం ఆ మూడు అంకెలతోనే మొదలుపెడదాం.